సిమెంట్ బస్తాలో దొరికేది, కొండల్లో దొరకనిది

పోయిన సంచికలో స్కార్న్ రాళ్ల గురించి రాస్తూ, వాటిలో కనిపించే ఖనిజాల జాబితా చివర "లార్నైట్ కూడా ఉంటుంది గానీ అది చాలా అరుదు" అని ఒక్క ముక్క అని వదిలేశాను. గార్నెట్ గురించి రెండు పేరాలు రాస్తే ఒక్కరూ ఏమీ అడగలేదు, ఈ ఒక్క ముక్క మీద మాత్రం ఉత్తరాలు వచ్చిపడ్డాయి. సరే, ఈసారి శీర్షిక మొత్తం దానికే. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాను, కొన్నింటిని కుదించాను.

ప్రశ్న: లార్నైట్‌లో ఉండేవి కాల్షియం, సిలికాన్, ఆక్సిజన్ మాత్రమే అని చదివాను. ఈ మూడూ భూమి పైపొరలో ఎక్కడ చూసినా ఉంటాయి కదండీ. బంగారం అరుదంటే అర్థముంది, దీనికేం వచ్చింది? అలాగే స్కార్న్ అంటే ఏమిటో మరోసారి క్లుప్తంగా చెబితే క్లాసులో పిల్లలకు చెప్పుకుంటాను.
(ఒక హైస్కూల్ సైన్స్ టీచర్)

జవాబు: ముందు స్కార్న్ సంగతి. భూమి లోపల కరిగిన శిలాద్రవం పైకి చొచ్చుకొస్తూ దారిలో సున్నపురాయినో డోలమైట్‌నో తాకిందనుకోండి, ఆ హద్దు దగ్గర రెండు పనులు జరుగుతాయి. ఒకటి, సున్నపురాయి విపరీతంగా వేడెక్కుతుంది. రెండోది, శిలాద్రవం నుంచి వచ్చే వేడి ద్రవాలు సిలికా, ఇనుము, అల్యూమినియం వంటివి మోసుకొచ్చి సున్నపురాయిలోకి ఎక్కిస్తాయి. ఈ రెండింటి వల్లా పాత రాయి పోయి కాల్షియం సిలికేట్లతో నిండిన కొత్త రాయి తయారవుతుంది, అదే స్కార్న్. రాగి, టంగ్‌స్టన్, ఇనుము గనులు కొన్ని ఇలాంటి చోట్ల ఉంటాయి కాబట్టి గనుల వాళ్లకి ఇది బాగా తెలిసిన రాయి.

మామూలు స్కార్న్‌లో మీకు కనిపించేవి గార్నెట్, డయాప్‌సైడ్ లాంటి పైరాక్సీన్, వోలస్టనైట్. వీటిలో వోలస్టనైట్ లెక్క చాలా సులువు, సున్నపురాయిలోని కాల్షియం కార్బొనేట్, సిలికా కలిసి కాల్షియం సిలికేట్ అవుతుంది, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. పీడనాన్ని బట్టి ఇది సుమారు 600, 700 డిగ్రీల దగ్గర జరిగిపోతుంది. గ్రానైట్ తరహా శిలాద్రవం దగ్గర ఉండే వేడి కూడా ఇంచుమించు అంతే, అందుకే చాలా స్కార్న్‌ల కథ వోలస్టనైట్‌తో ఆగిపోతుంది.

లార్నైట్ ఆ మెట్టు మీద కాదు, ఇంకా చాలా పైన ఉంది. వోలస్టనైట్‌లో ఒక సిలికాన్‌కి ఒక కాల్షియం ఉంటే, లార్నైట్‌లో ఒక సిలికాన్‌కి రెండు కాల్షియంలు ఉంటాయి, వాటితో నాలుగు ఆక్సిజన్లు. వేడి పెరిగేకొద్దీ సున్నపురాయి ఒక్కసారిగా మారిపోదు, ఒక్కో మెట్టు దగ్గర కొంత కార్బన్ డయాక్సైడ్ వదులుతూ కొత్త ఖనిజంగా మారుతుంది. ఈ మెట్లను వరసపెట్టి చూపించింది నార్మన్ బోవెన్ అనే భూగర్భశాస్త్రవేత్త, 1940లో. ట్రెమొలైట్, ఫార్స్టరైట్, డయాప్‌సైడ్, పెరిక్లేస్, వోలస్టనైట్, మాంటిసెలైట్, ఆకెర్మనైట్, స్పరైట్, మెర్వినైట్, చిట్టచివర లార్నైట్. పేర్లన్నీ పిల్లలతో బట్టీ పట్టించకండి, లార్నైట్ ఆఖర్న ఉందన్న సంగతి ఒక్కటి చాలు. ఆ చివరి మెట్టులో ఇంకా కార్బొనేట్ పట్టుకుని ఉన్న స్పరైట్, రాంకినైట్ అనే మరో సిలికేట్‌తో కలిసి, మిగిలిన కార్బన్ డయాక్సైడ్‌ను కూడా వదిలేసి లార్నైట్ అవుతుంది. దీనికి కావలసిన వేడి 1000 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, చుట్టూ ఉన్న ద్రవంలో కార్బన్ డయాక్సైడ్ బాగా తక్కువైతే కాస్త ముందే జరగొచ్చు.

ఇక్కడే చిక్కు. ఆ వేడి గ్రానైట్ ఇవ్వలేదు, 1100, 1200 డిగ్రీల బసాల్ట్ తరహా శిలాద్రవం కావాలి. పైగా అది లోతులో తాకితే పనికిరాదు. కిలోమీటరు లోతుకే రాళ్ల బరువు వల్ల పీడనం మన వాతావరణానికి 250 రెట్లు దాటుతుంది, ఆ పీడనంలో కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవడానికి దారుండదు, మూత బిగించిన గిన్నెలో ఆవిరిలా లోపలే ఉండిపోయి చర్యను వెనక్కి నెడుతుంది. కాబట్టి శిలాద్రవం బాగా వేడిగా ఉండాలి, ఉపరితలానికి బాగా దగ్గరగా ఉండాలి, సున్నపురాయి సరిగ్గా అక్కడే ఉండాలి, గ్యాస్ పోయే దారి ఉండాలి. మామూలుగా ఉపరితలం దగ్గరికొచ్చిన శిలాద్రవం త్వరగా చల్లారిపోతుంది, కాబట్టి ఆ వేడి కొద్ది మీటర్ల మేరకే పనిచేస్తుంది. ఇన్నీ కుదిరి లార్నైట్ తయారైందే అనుకుందాం, అది బతికి బట్టకట్టడం ఇంకో పెద్ద కథ, దాన్ని కింద వేరే ప్రశ్నలో చెప్తాను.

ప్రశ్న: నేను సివిల్ ఇంజినీర్‌ని. మీరు చెప్పే లార్నైట్ ఫార్ములా, మా సిమెంట్ కెమిస్ట్రీలో బెలైట్ అని చదువుకున్న డైకాల్షియం సిలికేట్ ఫార్ములా ఒకటే. అంటే రెండూ ఒకటేనా? ఒకటే అయితే టన్నుల కొద్దీ తయారయ్యేదాన్ని పట్టుకుని అరుదు అంటారేంటి?

జవాబు: ఒకటేనండీ. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, డైకాల్షియం సిలికేట్‌కి చాలా స్ఫటిక రూపాలున్నాయి. వాటిలో బీటా అనే రూపం ప్రకృతిలో దొరికితే దాన్ని లార్నైట్ అంటాం. సిమెంట్ బట్టీలో కాలి బయటికొచ్చే గడ్డలను క్లింకర్ అంటారు కదా, అందులో అదే బీటా రూపం, కొద్దిపాటి అల్యూమినియం, ఇనుము, ఆల్కలీలు లోపల ఇరుక్కుని ఉంటే దాన్ని మీరు బెలైట్ అంటారు. మామూలు పోర్ట్‌లాండ్ క్లింకర్‌లో బరువు ప్రకారం 15 నుంచి 30 శాతం ఇదే. ఖనిజం అనిపించుకోవాలంటే మనిషి చెయ్యి పడకుండా పుట్టాలి, అంతే తేడా. అందుకే బస్తా నిండా ఉన్నా దానికి ఖనిజం హోదా రాదు, కొండలో చిటికెడు దొరికితే పేపర్లు రాస్తారు.

కానీ మీ ప్రశ్నలో అసలు విషయం ఇంకోటుంది. సిమెంట్ బట్టీని ఒకసారి స్కార్న్ కళ్లతో చూడండి. సున్నపురాయి, సిలికా ఉన్న బంకమన్ను, 1450 డిగ్రీల మంట, మామూలు వాతావరణ పీడనం, పుట్టిన కార్బన్ డయాక్సైడ్ ఎప్పటికప్పుడు పొగగొట్టం గుండా బయటికి, చివర్లో క్లింకర్‌ని గాలితో గబగబా చల్లార్చడం. పైన టీచర్ గారికి చెప్పిన షరతులన్నీ ఒక్కొక్కటిగా ఇక్కడ తీరిపోయాయి చూశారా. ప్రకృతికి ఎప్పుడో ఒకసారి కుదిరే పరిస్థితిని మనం ఫ్యాక్టరీలో రోజంతా నడుపుతున్నాం.

ఇంకో ముచ్చట, నాకు భలే ఇష్టమైనది. గనుల్లో వాడుకలో ఉన్న స్కార్న్ అనే మాటను 1875లో భూగర్భశాస్త్రంలోకి తెచ్చినవాడు ఆల్ఫ్రెడ్ టోర్నెబోమ్ అనే స్వీడన్ శాస్త్రవేత్త. అదే మనిషి ఆ తర్వాత సిమెంట్ క్లింకర్‌ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి, అందులో వేరువేరు ఖనిజాలున్నాయని గుర్తించి, 1897లో వాటికి ఆలైట్, బెలైట్, సీలైట్, ఫీలైట్ అని పేర్లు పెట్టాడు. మీరు ఇవాళ్టికీ వాడే మొదటి రెండు పేర్లూ ఆయనవే. స్కార్న్‌లోనూ బెలైట్ ఉంటుందని అప్పటికి ఎవరికీ తెలియదు, అది 1929 దాకా బయటపడలేదు.

మీ ఆలైట్ సంగతి కూడా అడుగుతారేమో, ట్రైకాల్షియం సిలికేట్ ప్రకృతిలో ఇంకా అరుదు. దాని సహజ రూపానికి హాట్రురైట్ అని పేరు, 1977లో వర్ణించారు. ఒక సిలికాన్‌కి మూడు కాల్షియంలు పట్టించాలంటే 1250 డిగ్రీల పైన వేడి కావాలి, ఆ పైన త్వరగా చల్లారాలి, కొండల్లో అది దాదాపు జరిగే పని కాదు.

ప్రశ్న: 1929లో ఎక్కడ దొరికింది? ఇంకా ఎక్కడెక్కడ ఉంది?
(చాలామంది)

జవాబు: ఉత్తర ఐర్లండ్‌లో, ఆంట్రిమ్ కౌంటీలో, స్కాట్ హిల్ అనే చిన్న గుట్ట. దగ్గర్లోని లార్న్ అనే ఊరి పేరే ఖనిజానికి వచ్చింది. అక్కడ డైనోసార్ల కాలం చివర్లో సముద్రంలో పేరుకున్న తెల్లటి సుద్దరాయి ఉంది, ఆ సుద్ద పొరల్లో అక్కడక్కడా చెకుముకిరాయి ముద్దలున్నాయి. సుమారు 6 కోట్ల ఏళ్ల కిందట ఆ ప్రాంతమంతా అగ్నిపర్వతాలతో అట్టుడికినప్పుడు డోలరైట్ శిలాద్రవం ఒక గొట్టంలా ఆ సుద్దను చీల్చుకుని పైకొచ్చింది. సుద్ద అంటే దాదాపు స్వచ్ఛమైన కాల్షియం కార్బొనేట్, చెకుముకి అంటే స్వచ్ఛమైన సిలికా, శిలాద్రవం బసాల్ట్ తరహా, లోతు తక్కువ. ఇంతకంటే ఏం కావాలి?

దాన్ని పట్టుకున్నది కేంబ్రిడ్జ్‌లో పనిచేసిన సెసిల్ ఎడ్గర్ టిల్లీ, పుట్టింది ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో. ఆయన ఆ ఒక్క గుట్టనుంచి లార్నైట్‌తో ఆగలేదు. స్కాటైట్, పోర్ట్‌లాండైట్, హైడ్రోకాలుమైట్, రాంకినైట్, బ్రెడిగైట్, ఇవన్నీ ప్రపంచంలో మొదట గుర్తించింది అక్కడే, అన్నింటిలోనూ టిల్లీ చెయ్యి ఉంది. సిమెంట్ తెలిసినవాళ్లు ఈ జాబితాలో పోర్ట్‌లాండైట్ దగ్గర ఆగిపోతారు. అది కాల్షియం హైడ్రాక్సైడ్, సిమెంట్‌లో నీళ్లు పోయగానే పుట్టేది. 1933లో దాన్ని స్కాట్ హిల్ రాళ్లలో చూసి పోర్ట్‌లాండ్ సిమెంట్ పేరే పెట్టేశారు. అంటే అక్కడ ప్రకృతి క్లింకర్ కాల్చడమే కాదు, తర్వాత నీళ్లు కూడా కలిపింది.

టిల్లీ అక్కడ శిలాద్రవం వైపు కూడా చూశాడు. డోలరైట్ సుద్దను కరిగించుకుని తన స్వభావం తానే మార్చుకుంది, హద్దు దగ్గర మెలిలైట్ లాంటి సున్నం బాగా ఉన్న ఖనిజాలతో మిశ్రమ రాళ్లు ఏర్పడ్డాయి. హద్దుకి ఇటు సుద్ద సిమెంట్ అవుతుంటే అటు శిలాద్రవం ఇంకేదో అవుతోంది. స్కార్న్‌ని చూసేవాళ్లు ఎప్పుడూ సున్నపురాయి వైపే చూస్తారు, రెండో వైపు కూడా అంతే ఆసక్తిగా ఉంటుందని నా అభిప్రాయం.

రెండో ముఖ్యమైన చోటు రష్యాలోని ఉత్తర కాకసస్‌లో చెగెమ్ కాల్డెరా. సుమారు 28 లక్షల ఏళ్ల కిందట పేలిన ఒక పెద్ద అగ్నిపర్వతం అది. పైకొచ్చే దారిలో సున్నపురాయి దిమ్మలను మింగేసింది, ఆ దిమ్మలు వేడిలో స్కార్న్ అయిపోయి ఇప్పుడు గట్టిపడిన బూడిదరాయి మధ్యలో ఉన్నాయి. లార్నైట్‌తో పాటు చెగెమైట్ లాంటి కొత్త ఖనిజాలు వరసగా అక్కణ్ణుంచి వచ్చాయి. జర్మనీలోని ఐఫెల్ ప్రాంతంలో బెల్లర్‌బెర్గ్ అగ్నిపర్వతం లావాలో ఇరుక్కున్న సున్నపు ముక్కల్లో ఎట్రింగైట్, మాయెనైట్ మొదట దొరికాయి, ఇవి కూడా సిమెంట్ కెమిస్ట్రీ పుస్తకాల్లో కనిపించే పేర్లే.

మూడోది స్కార్న్ కాదుగానీ చెప్పకుండా ఉండలేను. మృతసముద్రం పక్కన హాట్రురిమ్ అనే ప్రాంతంలో శిలాద్రవం ఊసే లేదు. సేంద్రియ పదార్థం కలిసిన సుద్దరాయి భూమికి దగ్గరలోనే కాలిపోయింది. రాయిలోని సేంద్రియ పదార్థమే మండిందని ఒక వాదన, కిందనుంచి వచ్చిన మండే వాయువులు కారణమని ఇంకో వాదన. ఏదైతేనేం, అక్కడ లార్నైట్ ఏదో మూల నలుసులా కాకుండా రాయిలో ముఖ్య ఖనిజంగానే ఉంటుంది. పైన చెప్పిన హాట్రురైట్ కూడా అక్కడిదే. ఇలాంటి రాళ్లే జోర్డాన్ ఉత్తరాన మకారిన్ దగ్గరా ఉన్నాయి, అక్కడ భూగర్భజలం వాటి గుండా పారి పీహెచ్ 12 దాటిన క్షారజలంగా బయటికొస్తుంది, కొత్తగా పోసిన కాంక్రీట్‌లోంచి ఊరే నీళ్లలాగే. అణువ్యర్థాలను సిమెంట్ గోడల మధ్య భూమిలో పాతిపెడితే వేల ఏళ్లకు ఏమవుతుందో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు ఆ నీటిని పట్టి పట్టి పరీక్షించారు, ల్యాబ్‌లో అన్ని ఏళ్లు ఎవరు ఎదురుచూస్తారు చెప్పండి.

ప్రశ్న: పీజీ జియాలజీ చేస్తున్నాను. స్లైడ్‌లో లార్నైట్‌ని ఎలా గుర్తుపట్టాలి సార్? మెర్వినైట్‌తో కన్ఫ్యూజ్ అవుతున్నాను.

జవాబు: కన్ఫ్యూజ్ అవ్వడంలో తప్పులేదమ్మా, మెర్వినైట్, బ్రెడిగైట్, లార్నైట్ మూడూ ఒకే కుటుంబంలాంటివి, మొదటి రెండింటిలో మెగ్నీషియం ఉంటుంది, పైగా మూడూ ఒకే రాయిలో పక్కపక్కనే కూర్చుంటాయి. చేతిలో పట్టుకుంటే లార్నైట్ తెల్లగానో బూడిదరంగులోనో ఉండే గింజలు, కాఠిన్యం మోహ్స్ స్కేల్ మీద 6 దగ్గర, సాంద్రత 3.3 దగ్గర. రాయి చూసి ఇది లార్నైట్ అని కంటితో చెప్పేవాళ్లను నమ్మకు.

పోలరైజింగ్ మైక్రోస్కోప్ కింద చూడు. వక్రీభవన సూచికలు 1.71 నుంచి 1.73 మధ్య ఉంటాయి కాబట్టి గింజ చుట్టుపక్కల కాల్సైట్ కంటే ఎత్తుగా ఉబ్బినట్టు కనిపిస్తుంది. సన్నటి సమాంతర చారలుగా జంట స్ఫటికాలు చాలా మామూలు, అది నీకు మంచి ఆధారం. అయితే మెర్వినైట్‌లోనూ జంట స్ఫటికాల చారలుంటాయి, నీ గందరగోళం అక్కణ్ణుంచే వస్తున్నట్టుంది. తేడా బైరెఫ్రింజెన్స్‌లో, అంటే గరిష్ఠ, కనిష్ఠ వక్రీభవన సూచికల మధ్య తేడాలో చూడు, లార్నైట్‌ది 0.02 పైన ఉంటుంది, మెర్వినైట్‌ది సాధారణంగా అంతకంటే తక్కువ, అంటే అడ్డ పోలరైజర్ల మధ్య మెర్వినైట్ కంటే లార్నైట్ కాస్త పై రంగులకు వెళ్తుంది. రెండూ ద్వయక్ష, ధనాత్మకమే కాబట్టి ఆప్టిక్ సైన్ చూసి ప్రయోజనం లేదు.

చివరిమాట మాత్రం ఎక్స్-రే డిఫ్రాక్షన్‌దో రామన్ స్పెక్ట్రమ్‌దో. మైక్రోప్రోబ్ ఒక్కటే చేయించి ఊరుకోకు, అది మెగ్నీషియం ఉందో లేదో చెబుతుందిగానీ, బీటా రూపమా గామా రూపమా అని చెప్పదు, రెండింటి రసాయన కూర్పూ ఒకటే. ఇంకో జాగ్రత్త, నీళ్లు తగిలితే లార్నైట్ మారిపోతుంది కాబట్టి స్లైడ్ తయారుచేసేటప్పుడు నీళ్లకు బదులు కిరోసిన్‌తోనో ఆల్కహాల్‌తోనో అరగదీయమని ల్యాబ్ వాళ్లకి ముందే చెప్పు. సిమెంట్ క్లింకర్ స్లైడ్లు చేసేవాళ్లు ఎప్పుడూ చేసే పని ఇదే.

ప్రశ్న: స్టీలు ప్లాంట్లో పనిచేశాను. చల్లారబెట్టిన స్లాగ్ (ఉక్కు తయారీలో మిగిలే మడ్డి) దిమ్మలు కొన్ని వాటంతటవే పొడిపొడి అయిపోయేవి. దానికి కారణం డైకాల్షియం సిలికేట్ అనేవారు. మరి కొండలో ఉన్నది కోట్ల ఏళ్లు పొడి కాకుండా ఎలా ఉందండీ?

జవాబు: వచ్చిన ఉత్తరాలన్నిటిలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది, అసలు ఈ ఖనిజం అరుదుతనంలో సగం కథ ఇక్కడే ఉంది.

మీరు చూసిన పొడి ఎలా వస్తుందంటే, డైకాల్షియం సిలికేట్ బాగా వేడిగా ఉన్నప్పుడు ఆల్ఫా తరహా రూపాల్లో ఉంటుంది. చల్లారుతూ 670 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి బీటాగా మారుతుంది. ఇంకా చల్లారి 500 డిగ్రీల కిందికి దిగాక అది గామా అనే రూపానికి మారిపోవాలని చూస్తుంది, మామూలు ఉష్ణోగ్రత దగ్గర అసలు స్థిరమైన రూపం గామానే. బీటా సాంద్రత 3.3 దగ్గరైతే గామాది 3 కంటే కూడా కాస్త తక్కువ. అంటే అదే పదార్థం ఒక్కసారిగా 10, 12 శాతం ఎక్కువ చోటు కావాలంటుంది. గట్టి దిమ్మ లోపల ప్రతి గింజా అలా ఉబ్బితే దిమ్మ ఏం తట్టుకుంటుంది, పగిలి పగిలి మైదాలా రాలిపోతుంది. సిమెంట్ వాళ్లకీ ఈ బెడద ఉంది, క్లింకర్ నెమ్మదిగా చల్లారితే బట్టీ బయట దుమ్ము మిగులుతుంది. పైగా ఆ గామా పొడి నీళ్లతో దాదాపు కలవదు, గట్టిపడదు, సిమెంట్‌గా పనికిరాదు.

కాబట్టి లార్నైట్ అనేది నిజానికి ఉండకూడని ఉష్ణోగ్రతలో ఉన్న ఖనిజం. అది గామాగా మారకుండా ఆపేవి కొన్నున్నాయి. మొదటిది కలుషితాలు. సిలికాన్ చోట కొంచెం ఫాస్ఫరసో బోరానో, కాల్షియం చోట కొంచెం సోడియమో పొటాషియమో చేరితే బీటా రూపం అలాగే ఉండిపోతుంది. మీ ప్లాంట్లోనూ ఇదే మందు వాడి ఉంటారు, కరిగిన స్లాగ్‌లో కాస్త బోరేట్ కలిపితే పొడి కావడం ఆగుతుంది. రెండోది గింజ సైజు. కొన్ని మైక్రాన్ల కంటే చిన్న గింజలు మారడానికి మొరాయిస్తాయి. మూడోది చుట్టూ ఉన్న రాయి. లార్నైట్ గింజ చుట్టూ స్పరైటో మెలిలైటో గట్టిగా పట్టి ఉంటే, ఉబ్బుదామన్నా చోటుండదు కాబట్టి మార్పు మొదలుకావడమే కష్టం. నాలుగోది చల్లారిన వేగం, త్వరగా చల్లారితే మారే అవకాశమే దొరకదు.

కలుషితాల బలం ఎంతంటే, హాట్రురిమ్‌లో ఫాస్ఫరస్, సోడియం, పొటాషియం బాగా కలిసిన చోట బీటాకి కూడా రాకుండా పైనున్న ఆల్ఫా తరహా రూపమే చల్లారి మిగిలిపోయింది, దానికి ఫ్లేమైట్ అని పేరు. ఇటు గామా రూపం కూడా ప్రకృతిలో ఉంది, కాల్షియో-ఒలివీన్ అంటారు, చెగెమ్ దిమ్మల్లో దొరికింది. అంటే మీరు ప్లాంట్లో చూసిన పొడికి కూడా ఖనిజం హోదా ఉందన్నమాట.

ఇదంతా దాటుకుని బయటపడ్డ లార్నైట్‌కి అసలు శత్రువు ఇంకోటుంది, నీళ్లు. సిమెంట్‌కి నీళ్లు తగిలితే ఏమవుతుందో మీకు చెప్పాలా? లార్నైట్‌కీ అదే అవుతుంది. పగుళ్లలోంచి వేడినీళ్లో వాననీళ్లో లోపలికి దిగితే అది నీటితో కూడిన కాల్షియం సిలికేట్లుగా, అఫ్‌విలైట్ లాంటివిగా, పోర్ట్‌లాండైట్‌గా మారిపోతుంది, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే మళ్లీ మొదటి కాల్సైట్‌కే వెళ్లిపోతుంది. స్కార్న్ చల్లారే దశలో వేడినీళ్లు తిరగడం చాలా మామూలు సంగతి, లోహ ఖనిజాలు పేరుకునేదే ఆ దశలో. కాబట్టి పుట్టిన లార్నైట్‌లో చాలా భాగం పుట్టిన చోటే తుడిచిపెట్టుకుపోయి ఉంటుంది. మనం అరుదు అంటున్నది పుట్టుకలో అరుదో, మిగలడంలో అరుదో విడదీసి చెప్పడం కష్టం. నన్నడిగితే రెండోదానికే ఎక్కువ మార్కులు వేస్తాను.

ప్రశ్న: బెలైట్ ఎక్కువున్న సిమెంట్ వాడితే కాలుష్యం తగ్గుతుందని ఎక్కడో చదివాను, నిజమేనా?

జవాబు: కొంతవరకు నిజం. లెక్క చూడండి. కిలో ఆలైట్ చేయడానికి కావలసిన సున్నపురాయి నుంచి 0.58 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, కిలో బెలైట్‌కైతే 0.51 కిలోలు. అంటే రాయి నుంచి వచ్చే గ్యాస్‌లో 12 శాతం ఆదా. బెలైట్ 1250 డిగ్రీల లోపే తయారవుతుంది కాబట్టి ఇంధనంలోనూ కొంత మిగులుతుంది. నీళ్లు కలిపినప్పుడు పుట్టే వేడి కూడా తక్కువ, ఆలైట్ గ్రాముకి 500 జూళ్ల దగ్గర ఇస్తే బెలైట్ 260 దగ్గర. పెద్ద పెద్ద డ్యాములకు ఇది చాలా అవసరం, మందమైన కాంక్రీట్ లోపల వేడి ఎక్కువైతే పగుళ్లొస్తాయి. 1930లలో అమెరికాలో హూవర్ డ్యామ్ కట్టినప్పుడు తక్కువ వేడి సిమెంట్ మీద అంత శ్రద్ధ పెట్టింది అందుకే.

మరి అందరూ అదే వాడొచ్చుగా అంటే, దానికి ఓపిక కావాలి. ఆలైట్ మొదటి 28 రోజుల్లోనే చాలావరకు బలం ఇచ్చేస్తుంది, బెలైట్ నెలల తరబడి నెమ్మదిగా ఇస్తుంది. ఏడాదికి రెండూ ఇంచుమించు సమానమవుతాయి గానీ, వారంలో సెంట్రింగ్ విప్పి పై అంతస్తు మొదలుపెట్టాలన్న టెన్షన్‌లో ఉన్న కాంట్రాక్టర్ ఏడాది ఆగుతాడా? బెలైట్‌ని చురుగ్గా చేయడానికి లోపల కలుషితాలు ఎక్కించడం, వేగంగా చల్లార్చడం లాంటివి పరిశోధనలో ఉన్నాయి. పైన స్టీలు ప్లాంట్ ఆయనకి చెప్పినవి, ఇవీ ఒకే రకం కిటుకులని గమనించే ఉంటారు.

ప్రశ్న: అంత అరుదంటున్నారు, లార్నైట్‌ని ఉంగరంలో పెట్టుకోవచ్చా?

జవాబు: వద్దు. బూడిదరంగు గింజలు, మెరుపు లేదు, పారదర్శకంగా పెద్ద స్ఫటికాలు రావు, చేతులు కడిగినప్పుడల్లా మెల్లగా సిమెంట్‌లా నీళ్లు తాగుతుంది. స్కార్న్‌లో నగకు పనికొచ్చేవి కావాలంటే గార్నెట్ ఉంది, డయాప్‌సైడ్ ఉంది.

ప్రశ్న: దీన్ని గనుల్లోంచి తవ్వి నేరుగా సిమెంట్‌గా వాడుకోవచ్చు కదా, బట్టీ ఖర్చు మిగులుతుంది?

జవాబు: ఆలోచన బాగుంది, సరుకే లేదు. స్కాట్ హిల్ లాంటి చోట అది హద్దు పొడవునా సన్నటి పట్టీలోనే ఉంటుంది, అదీ మిగతా ఖనిజాలతో కలిసి. హాట్రురిమ్‌లో ఎక్కువే ఉన్నా చాలాభాగం ఎప్పుడో నీళ్లు తాగేసింది.

ప్రశ్న: రాళ్లు సేకరిస్తుంటాను. లార్నైట్ ఉందని రాసున్న చిన్న స్కార్న్ ముక్క ఒకటి ఇంకో సేకరణదారు దగ్గర మార్చుకున్నాను. పైన దుమ్ము, తెల్లటి మరకలున్నాయి, కడగాలా? నిజంగా లార్నైటేనా అని ఇంట్లో చూసుకునే దారుందా?

జవాబు: కడగకండి. సబ్బు నీళ్లు, అల్ట్రాసోనిక్, నిమ్మరసం, ఏదీ వద్దు. మెత్తటి పొడి బ్రష్‌తో దులపండి చాలు. ఆ తెల్లటి మరకలు దుమ్ము కాకపోవచ్చు, పైపొర లార్నైట్ ఇప్పటికే నీటి సిలికేట్లుగానో కాల్సైట్‌గానో మారి ఉండొచ్చు, గీకితే కింద కొత్త పొర బయటపడి అది కూడా మారడం మొదలవుతుంది. మూత గట్టిగా పట్టే చిన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి ఉంచండి, జెల్ రంగు మారినప్పుడల్లా పొట్లం మార్చండి.

ఇంట్లో పరీక్ష అంటే, నలుసంత ముక్క విరిగి పడితే దాన్ని పొడి చేసి సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేసి చూడొచ్చు, కళ్లకు అద్దాలు, చేతులకు గ్లవ్స్ పెట్టుకుని, కిటికీ తీసి. లార్నైట్ అందులో కరిగి కాసేపటికి జెల్లీలా చిక్కబడుతుంది. కానీ స్పరైట్ కూడా అలాగే చేస్తుంది, కాకపోతే దానిలో కార్బొనేట్ ఉంది కాబట్టి ముందు బుడగలొస్తాయి, రాయిలో మిగిలిన కాల్సైట్ ఉన్నా బుడగలొస్తాయి, మెలిలైట్ కూడా జెల్లీ కడుతుంది. అంటే ఈ పరీక్ష "కాదు" అని చెప్పగలదు గానీ "అవును" అని చెప్పలేదు. జెల్లీ రాకపోతే ఆ నలుసులో లార్నైట్ లేనట్టే. వస్తే, దగ్గర్లోని యూనివర్సిటీ జియాలజీ విభాగంలో ఎక్స్-రే డిఫ్రాక్షన్ చేయించండి, అర చెంచా కంటే తక్కువ పొడి చాలు. పొడి వాళ్లే చేస్తామంటే నీళ్లు తగలనివ్వద్దని చీటీ రాసి ఇవ్వండి, డబ్బా మీద కూడా దొరికిన చోటు పేరు రాసి పెట్టండి, చోటు పేరు లేని లార్నైట్ ముక్కకి సేకరణలో విలువ దాదాపు సున్నా.